ఆవులూ గుర్రమూ ఒకే తోటలో ఉంచొచ్చా? గడియ తీసే పెయ్యను అమ్మేయాలా?

మీ ప్రశ్న, తర్వాత చదివేవాళ్ల కోసం క్లుప్తంగా: శంకర్‌పల్లి దగ్గర మీకు మూడెకరాల తోట ఉంది. రెండు ఒంగోలు ఆవులు, ఒక పెయ్య ఉన్నాయి. పిల్లలకు స్వారీ నేర్పించడానికి ఒక మార్వారీ గుర్రాన్ని కొందామనుకుంటున్నారు. అన్నిటినీ ఒకే చోట ఉంచొచ్చా అన్నది మొదటి సందేహం. పెయ్య బాగా అల్లరిది, గేటు గడియ నాలుకతో తీసేస్తుంది, గుర్రం రాకముందే దాన్ని అమ్మేయమని ఇంట్లో అంటున్నారు, ఏం చేయాలన్నది రెండోది.

ఉంచొచ్చు. పచ్చిక మీద కలిసి మేయనివ్వండి. దాణా దగ్గర మాత్రం ఎప్పుడూ కలవనివ్వకండి. పెయ్యను అమ్మకండి, గేటు మార్చండి.

వికారాబాద్ వైపు మా తోటలో ఎన్నో ఏళ్లుగా దేశీ ఆవులూ స్వారీ గుర్రాలూ పక్కపక్కనే ఉంటున్నాయి. నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం తిండి దగ్గర పుట్టినవే. ఆవుకీ గుర్రానికీ మధ్య వైరమేమీ లేదు. ఒకదాని దాణా ఇంకోదాని ప్రాణం మీదికి తెస్తుంది, జాగ్రత్తంతా అక్కడ కావాలి.

ముందు గేటు సంగతి. మా దగ్గర గంగ అనే ఆవు ఉంది. గేటు కమ్మీల మధ్య మూతి పెట్టి, నాలుక బారుగా చాచి, గడియ కొసకు చుట్టి, తల పక్కకు తిప్పుతుంది. గడియ కొంచెం కొంచెంగా జరుగుతుంది. పట్టు జారితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది, విసుగన్నది లేదు. గడియ ఊడిన చప్పుడుకు అవతల ఉన్న గుర్రాలు తలలెత్తుతాయి. గంగ నుదుటితో గేటు నెట్టుకుని నింపాదిగా కుడితి తొట్టి దగ్గరికి నడుస్తుంది. గుర్రాలు మాత్రం సందు దొరికిందని రోడ్డు వైపు పరుగు తీస్తాయి. అదే భయం. ఆవు పొరుగువాళ్ల కంది చేలో పడితే మాటామాటా వస్తుంది, మరీ ముదిరితే బందెలదొడ్డి, జరిమానా. గుర్రం రాత్రిపూట తారు రోడ్డెక్కితే గుర్రమూ దక్కదు, బండి మీద వచ్చే మనిషీ దక్కడు. పైగా బందెలదొడ్డి నియమాలకు మూలమైన 1871 నాటి చట్టంలో పశువుల లెక్కలో గుర్రాలు కూడా ఉన్నాయి. ఎవరి చేలో పడి మేసినా బాధ్యత మీదే.

కాబట్టి గడియ గేటుకు బయటివైపు, నేలకు దగ్గరగా, నాలుక అందని చోట పెట్టించండి. దానికి తోడు గొలుసు, స్ప్రింగు కొక్కెం ఉండాలి. ఆవులు కొమ్ములతో గేటును పైకెత్తి కీళ్ల నుంచి ఊడదీస్తాయి కూడా. పై కీలు మేకును కిందికి తిరిగేలా బిగిస్తే గేటు పైకి లేవదు, వెల్డింగు షాపులో చెబితే చేస్తారు. రోడ్డు వైపు మాత్రం ఒక గేటు చాలదు, రెండు కావాలి. మొదటిది తెరుచుకున్నా రెండోది ఆపాలి. అల్లరి గొడ్డుకు మెడలో గుదికొయ్య కట్టడం పెద్దల నుంచి వచ్చిన పద్ధతే అయినా గుర్రాలున్న చోట వద్దు. ఆవు పరుగెత్తినప్పుడు ఆ కొయ్య ఊగి పక్కనున్న గుర్రం కాలికి తగిలిందంటే కాలు పోతుంది.

ఇంకో మాట. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు కదా, గడియ తీయడం విషయంలో అది అక్షరాలా నిజం. గంగ దూడలు పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాయి. మీ పెయ్యకు రేపు దూడ పుట్టేలోపు గేటు పని ముగించండి.

అసలు ప్రమాదం దాణా

ఆవుకు నాలుగు అరల కడుపు. తిన్నది ముందు పెద్ద కడుపులో పులుస్తుంది, తర్వాతే ముందుకెళ్తుంది. గుర్రానిది ఒకే చిన్న కడుపు. గడ్డి పులిసే పని చివర్లో, పెద్దపేగులో జరుగుతుంది. పైగా గుర్రానికి వాంతి చేసుకోవడం సాధ్యం కాదు. అందుకే ఒకదానికి అరిగేది ఇంకోదానికి విషమవుతుంది.

ఇందులో అన్నిటికంటే భయంకరమైనది మోనెన్సిన్ అనే మందు. కొన్ని పశువుల దాణాల్లో, అంతకంటే ఎక్కువగా బ్రాయిలర్ కోళ్ల దాణాల్లో, ఇదీ దీని జాతి మందులైన సాలినోమైసిన్ లాంటివీ కలుపుతారు. ఆవు తట్టుకునే మోతాదులో చిన్న భాగం కూడా గుర్రం గుండె కండరాన్ని నాశనం చేస్తుంది. విరుగుడు లేదు. బతికి బయటపడ్డ గుర్రం కూడా మళ్లీ స్వారీకి పనికిరాకపోవచ్చు. తోటలో కోళ్లు కూడా ఉంటే ఆ బస్తాలు వేరే గదిలో పెట్టండి. కోళ్ల దాణా తోడిన తట్టతో గుర్రానికి దాణా పోయకండి. బస్తా మీద ఏమేం కలిపారో రాసి లేకపోతే ఆ దాణా గుర్రం దగ్గరికి రానివ్వద్దు.

బూజు పట్టిన మొక్కజొన్న రెండోది. ఆవు కొంతవరకు తట్టుకుంటుంది. గుర్రానికి ఆ బూజు విషం మెదడును కరిగించేస్తుంది. వానాకాలంలో బస్తా అడుగున ముద్దకట్టిన గింజలు కనిపిస్తే ఆ బస్తా మొత్తం పక్కన పెట్టేయండి.

తవుడు సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు. ఆవులకు కుడితిలో తవుడు కలపడం అలవాటు, గుర్రానికీ అదే పోస్తారు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. నెలల తరబడి అదే తింటే గుర్రం ఒంట్లోని ఎముకల నుంచి కాల్షియం లాగేసుకుంటుంది, ముఖం ఎముకలు ఉబ్బుతాయి, కాళ్లు కుంటుపడతాయి. నేపియర్ గడ్డిదీ ఇదే కథ. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచేస్తాయి. ఆవు పెద్ద కడుపులోని సూక్ష్మజీవులు ఆక్సలేట్లను విరగ్గొడతాయి కాబట్టి దానికి పెద్దగా ఇబ్బంది లేదు, గుర్రానికి ఆ వెసులుబాటు లేదు. ఆవుల కోసం వేసిన నేపియర్ ఒక్కటే గుర్రానికి పెట్టి ఊరుకోకండి. ఎండుగడ్డి ముఖ్యంగా పెట్టి, కాల్షియం ఎక్కువుండే లూసర్న్ కొంత కలపండి.

పచ్చి జొన్నమేత విషయంలో రెండిటికీ జాగ్రత్త కావాలి. నీళ్లందక వాడిన లేత జొన్నలో సైనైడ్ విషం ఉంటుంది, మేసిన ఆవు గంటలోపే పడిపోవచ్చు. పూత దాకా రానిచ్చి కోయాలని రైతులందరికీ తెలుసు. గుర్రానికి ఇంకో చిక్కుంది. జొన్న, సూడాన్ గడ్డి పచ్చిమేతగా రోజూ పెడితే మూత్రాశయం చెడి, వెనక కాళ్లు తూలడం మొదలవుతుంది. గుర్రానికి పచ్చి జొన్న మానేయడమే మేలు.

ఇప్పుడు తిరగేసి చూడండి: గుర్రం దాణా ఆవు తింటే? ఇదీ మామూలు ప్రమాదం కాదు, మీ పెయ్య లాంటిది ఉన్న ఇంట్లో జరిగేది ఇదే. మొయినాబాద్ వైపు ఒక ఫారంలో రాత్రి దాణా గది తలుపు నెట్టుకుని ఒక ఆవు బార్లీ, మొక్కజొన్న రవ్వ కడుపారా తినేసింది. తెల్లవారి నన్ను పిలిచారు. ఎడమ డొక్క ఉబ్బి ఉంది, నెమరు లేదు, పళ్లు కొరుకుతోంది, పేడ పుల్లటి వాసనతో నీళ్లలా పోతోంది. గింజలు పెద్ద కడుపులో ఒక్కసారిగా పులిసి ఆమ్లం తయారైతే ఇలాగే ఉంటుంది. డాక్టరు వెంటనే రావడంతో ఆ ఆవు బతికింది, పాలు మాత్రం ఆ ఈతలో మళ్లీ మునుపటిలా రాలేదు. ఇలాంటప్పుడు తెల్లారాక చూద్దామని ఆగకండి. మన రెండు రాష్ట్రాల్లోనూ 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. దాణా గదికి తాళం వేయండి, గడియ సరిపోదు. దాణా ఇనుప డ్రమ్ముల్లో మూత బిగించి ఉంచండి.

ఆవుల కోసం అమ్మే యూరియా, బెల్లం మడ్డి దిమ్మలు గుర్రానికి అందేచోట వేలాడదీయకండి. మామూలు ఉప్పు దిమ్మ రెండిటికీ మంచిదే.

పచ్చిక మీద మాత్రం కలిసే మేయాలి

ఇన్ని జాగ్రత్తలు చెప్పాక కూడా కలిపి మేపమనడానికి గట్టి కారణం ఉంది. ఆవుకు పైదవడ ముందుపళ్లు ఉండవు. ఎత్తుగా ఉన్న గడ్డిని నాలుకతో చుట్టి తెంపుతుంది. గుర్రానికి పైనా కిందా పళ్లున్నాయి కాబట్టి నేలకు ఆనించి కొరికేస్తుంది. గుర్రం తన లద్దె పడిన చోట మేయదు, అక్కడ గడ్డి ముదిరిపోతుంది. ఆవు ఆ గడ్డిని ఏమాత్రం సందేహించకుండా మేస్తుంది. ఆవు పేడ చుట్టూ వదిలేసిన గడ్డిని గుర్రం మేస్తుంది. ఒక్క జాతినే మేపిన పొలంలో నడిచి చూసి, తర్వాత రెండూ మేసిన పొలంలో నడిచి చూడండి, గడ్డి ఎంత సమానంగా ఉంటుందో కాలికే తెలుస్తుంది.

దీనికంటే పెద్ద లాభం నులిపురుగుల విషయంలో. ఆవు కడుపులో పెరిగే పురుగుల్లో చాలావరకు గుర్రంలో బతకవు, గుర్రానివి ఆవులో బతకవు. గడ్డి మీద ఎక్కి కూర్చున్న పురుగు పిల్లల్ని వేరే జాతి జంతువు మింగేస్తే వాటి కథ అక్కడితో సరి. రెండిటికీ సోకే పురుగు జాతులు కొన్ని ఉన్నాయి కాబట్టి లద్దె, పేడ పరీక్ష మానొద్దు. మందు మాత్రం అలవాటుగా కాకుండా పరీక్ష చూసి వేయొచ్చు.

మూడెకరాలతో ఏడాది పొడవునా పచ్చిక దొరకదు, అది మీకూ తెలిసే ఉంటుంది. మార్చి నుంచి తొలకరి దాకా నేల మీద ఏమీ ఉండదు. పొలాన్ని మూడు నాలుగు మడులుగా విడదీసి మార్చి మార్చి మేపండి, వేసవికి ఎండుగడ్డి ముందే కొనిపెట్టుకోండి.

కంచె, కొమ్ములు, మొదటి పరిచయం

ముళ్లకంచె తీసేయండి. ఆవు దాని మీద ఒరిగి గోక్కుంటుంది, దాని తోలుకేమీ కాదు. గుర్రం బెదిరి దూకితే ముళ్లు మాంసం దాకా చీలుస్తాయి, కాలు చిక్కుకుంటే పిచ్చిగా గుంజుకుంటుంది. పైపులు గానీ కర్రలు గానీ అడ్డంగా వేసి, దాదాపు ఐదడుగుల ఎత్తున, పైన ఒక సోలార్ కంచె తీగ లాగడం మంచి పద్ధతి. ఆవులు కంచె మీద ఒరగడం ఆ తీగతోనే ఆగుతుంది. ఆగి ఆగి కరెంటు వదిలే యంత్రమే వాడాలి. ఇంటి కరెంటు నేరుగా కంచెకు కలపడం నేరం, మనుషులు చనిపోతున్నారు.

ఇక కొమ్ముల సంగతి. ఒంగోలు ఆవుల కొమ్ములు పొట్టివే అయినా కుమ్మితే గుర్రం పొట్టలో దిగుతాయి. ఎద్దులకు పెట్టినట్టు కొమ్ములకు ఇత్తడి కుప్పెలు తొడిగించొచ్చు. దానికంటే ముఖ్యం స్థలం. ఇరుకు మూలలు, సన్నటి దారులు లేకుండా చూడండి, బెదిరిన జంతువుకు తప్పుకునే చోటుండాలి. ఒకటి కట్టేసి ఉండగా ఇంకోదాన్ని వదలకండి. పలుపుకు కట్టిన ఆవును గుర్రం తన్నినా, కట్టేసిన గుర్రాన్ని ఆవు కుమ్మినా అది పారిపోలేదు. రాత్రిపూట కొట్టాలు వేరుగా ఉండాలి. ఆవు పడుకుని నెమరు వేసుకోవాలి, పక్కన గుర్రం తిరుగుతుంటే లేస్తూనే ఉంటుంది, పాలు తగ్గుతాయి. ఈనడానికి దగ్గరైన ఆవునూ పురిటి దూడనూ గుర్రానికి దూరంగా పెట్టండి. కొన్ని గుర్రాలు దూడల్ని తరిమి తొక్కుతాయి.

ఏ గుర్రం కొనాలంటే, విత్తు కొట్టిన మగదో, నెమ్మదైన ఆడదో చూడండి. విత్తు కొట్టని మగ గుర్రాన్ని ఆవుల మధ్య వదలొద్దు, పిల్లల స్వారీకీ అది తగదు. మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా లాంటి గుర్రాల సంతలో కొన్నా, ఇక్కడే కొన్నా, ముందు రక్తపరీక్ష చేయించండి. గ్లాండర్స్ మనుషులకూ సోకే జబ్బు. 2009 నాటి కేంద్ర చట్టం ప్రకారం దీన్ని ప్రభుత్వానికి తెలపాలి, జబ్బు ఖాయమైన గుర్రాన్ని చంపేయాల్సిందే. నమూనాలు హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళ్తాయి. పరీక్ష కాగితం లేని గుర్రం ఎంత చవకైనా వద్దు. ఇంటికి తెచ్చాక మూడు వారాలు విడిగా ఉంచండి. తర్వాత కంచెకు అటూ ఇటూ వదిలి కొన్నాళ్లు వాసన చూసుకోనివ్వండి. ఆ తర్వాతే, కడుపు నిండా మేశాక, పట్టపగలు, మీరు దగ్గరుండి కలపండి.

జబ్బుల్లో ఏది కలుస్తుంది, ఏది కలవదు

గాలికుంటు, 2022లో దేశమంతా వణికించిన ముద్ద చర్మవ్యాధి గుర్రానికి రావు. ఆవులకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఎప్పటిలాగే వానలకు ముందు వేయించండి. గుర్రానికి ధనుర్వాతం టీకా తప్పనిసరి. ఆ క్రిమి మట్టిలోనూ పేడలోనూ ఉంటుంది, ఆవు దాన్ని బాగా తట్టుకుంటుంది, గుర్రం చిన్న మేకు గాయంతో చనిపోతుంది.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది సర్రా. జోరీగలు, కుట్టే ఈగలు దీన్ని మోస్తాయి. ఆవు, గేదె పైకి ఏమీ కనిపించకుండా ఆ క్రిమిని ఒంట్లో ఉంచుకోగలవు. అదే గుర్రానికి సోకితే జ్వరం వచ్చిపోతూ, కాళ్లూ పొట్ట కిందా వాచి, రక్తం తగ్గి, వైద్యం అందకపోతే చనిపోతుంది. వానాకాలంలో గుర్రం మందకొడిగా ఉంటే జ్వరం చూసి, వెంటనే రక్తపరీక్షకు పంపండి. పేడ, లద్దె కొట్టాలకు దూరంగా వేయండి, తడి గడ్డితో కలిసి కుళ్లిన చోట కుట్టే ఈగలు పెరుగుతాయి.

ఆవుల పిడుదులకు కొట్టే మందుల్లో అమిట్రాజ్ ఉంటే అది గుర్రం మీద పడకూడదు. గుర్రం పేగుల కదలిక ఆగిపోయి కడుపునొప్పితో ప్రాణం మీదికొస్తుంది. స్ప్రే డబ్బాలు కూడా వేరుగా ఉంచండి. తామర ఆవు నుంచి గుర్రానికీ, మనకూ అంటుకుంటుంది, కాబట్టి బ్రష్షులూ వేరే. మండల పశువైద్యులకు ఆవులతో ఉన్నంత అనుభవం గుర్రాలతో ఉండకపోవచ్చు. గుర్రాలు చూసే డాక్టరు ఎవరో, ఎంత దూరంలో ఉన్నారో కొనకముందే తెలుసుకోండి.

తోకలు నమలడం, ఇంకా ఆనందాలు

ఇది మీకూ ఎదురవుతుంది కాబట్టి చెప్తున్నాను. ఆవులు, ముఖ్యంగా పెయ్యలు, గుర్రం తోక నములుతాయి. మా ఆడ గుర్రం రాణి నిలబడి కునుకు తీస్తుంటే పెయ్య వెనక చేరి తోక కొసను నోట్లో వేసుకుని మెల్లగా నములుతూ ఉంటుంది. పొద్దున మడమ దాకా ఉన్న తోక సాయంత్రానికి మోకాలి పైన చీపురులా తెగి ఉంటుంది, చివర్లు తడిసి జిగురుగా. మళ్లీ పెరగడానికి చాలా కాలం పడుతుంది, ఈలోగా ఈగలు తోలుకోవడానికి గుర్రానికి ఏమీ ఉండదు. పెయ్య కడుపులో వెంట్రుకల ఉండలు కట్టే ప్రమాదమూ ఉంది. ఖనిజ లవణ మిశ్రమం సరిగ్గా అందిస్తే, నమలడానికి ఎప్పుడూ ఎండుగడ్డి ఉంటే, ఈ అలవాటు చాలావరకు తగ్గుతుంది. తగ్గని పెయ్యను కొన్నాళ్లు వేరే మడిలో ఉంచాలి.

అయినా ఈ కలయికను నేను వదులుకోను. గుర్రం ఒంటరిగా ఉండలేని జంతువు. ఇంకో గుర్రం ఉంటే అన్నిటికంటే మంచిది, లేనప్పుడు ఆవుల తోడు దానికి నిజంగా ధైర్యాన్నిస్తుంది. మా ఇంకో గుర్రం బాదల్ కొత్తగా వచ్చినప్పుడు రాత్రంతా కంచె వెంట పచార్లు చేసేది. పక్క మడిలో గంగ పడుకుని నెమరు వేస్తుంటే కొన్నాళ్లకు దాని దగ్గరే కంచె పక్కన నిలబడి నిద్రపోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఎండ పూట రెండూ వేపచెట్టు కింద ఒకదాని మెడ ఒకటి నాకుతూ గోకుతూ ఉంటాయి. ఇంకో మేలు ఏమిటంటే, ఆవుల మధ్య పెరిగిన గుర్రం పల్లె దారిలో గేదెల మంద ఎదురైనా, ఎడ్లబండి వచ్చినా బెదరదు. పిల్లలు స్వారీ చేసే గుర్రానికి అంతకంటే కావలసిన గుణం లేదు.

చివరిగా మీ పెయ్య

గడియ తీసే గొడ్డు తెలివైనది. ఆకలో, విసుగో, లవణాల లోటో దాన్ని ఆ పనికి పురికొల్పుతుంది. అమ్మితే సంతలో ఎవరి చేతిలో పడుతుందో తెలియదు, దాని బదులు తెచ్చిన ఇంకో ఆవు కూడా మీ గేటు తీయడం నేర్చుకోవచ్చు. గేటు మార్చి, గాడిలో పొద్దుటా రాత్రీ ఎండుగడ్డి నిండుగా ఉంచి, ఒక నెల గమనించండి. అది గుర్రాన్ని కావాలని వెంటపడి కుమ్ముతుంటే మాత్రం కథ వేరు. అప్పుడు దాని మడిని శాశ్వతంగా వేరు చేయాలి, మీ మూడెకరాల్లో దానికి చోటు సరిపోతుంది. గుర్రం వయసు, ఆడదో మగదో, ఇప్పుడు ఏ దాణా తింటోందో ఖాయమయ్యాక ఇక్కడే రాయండి. మీ ఆవుల దాణా బస్తా మీదున్న వివరాలు కూడా పెడితే గుర్రానికి ఏది అందకూడదో విడమరిచి చెప్తాను.